అమ్మ, సాని, పేరంటాలు: మైదుకూరు సీమలో స్త్రీల గౌరవ పదాలు

కడప నుంచి కర్నూలుకు పోయే దారి, ప్రొద్దుటూరు నుంచి బద్వేలుకు పోయే దారి మైదుకూరులో కలుస్తాయి. కుందూ నది పారే ఈ ప్రాంతాన్ని పాత శాసనాలు రేనాడు అన్నాయి. తెలుగులో దొరికిన తొలి శాసనాలు ఈ సీమవే కావడంతో, పెద్దరికం పొందిన స్త్రీలను ఇక్కడి జనం ఏయే మాటలతో పిలిచారో దాదాపు పద్నాలుగు శతాబ్దాల మేర గమనించవచ్చు. మహాదేవి, సాని, అక్క, అవ్వ, అమ్మ, పేరంటాలు, బసివి, నాంచారి, దొరసాని అనే మాటలన్నీ గౌరవాన్నే చెప్పినా, ఆ గౌరవం వచ్చిన దారులు వేరు. కొన్ని మగనివల్ల దక్కినవి, కొన్ని గుడివల్ల వచ్చినవి, కొన్ని చావుతో అంటుకున్నవి. సొంత జ్ఞానంతో సంపాదించుకున్న పిలుపులు కొన్నే. ఏ స్త్రీకి ఏ మాట దక్కిందో చూస్తే, ఆనాటి సమాజం ఆమెకు ఏ వాకిలి తెరిచిందో అర్థమవుతుంది.

శాసనాల్లో మహాదేవి, సాని

ఆంధ్ర దేశంలో స్త్రీల బిరుదులు తెలుగు శాసనాలకంటే ముందే, ప్రాకృత శాసనాల్లో కనిపిస్తాయి. అమరావతి స్తూపానికి దానాలిచ్చిన వారిలో భిక్షుణులు, ఉపాసికలు ఉన్నారు. మూడో శతాబ్దంలో నాగార్జునకొండ మహాచైత్యాన్ని కట్టించిన చాంతిశ్రీ ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి మేనత్త. మహాతలవరుడనే పెద్ద అధికారి భార్య కాబట్టి ఆమె మహాతలవరి. దానం ఆమెదే అయినా బిరుదు మాత్రం మగని ఉద్యోగం నుంచి వచ్చింది. కడప జిల్లాలో నందలూరు వద్ద బౌద్ధానికి, దానవులపాడు వద్ద జైనానికి ఆనవాళ్లున్నాయి. సంసారం వదిలి సంఘంలో చేరిన స్త్రీకి ప్రత్యేకమైన పేరూ హోదా ఇచ్చినవి మొదట ఈ రెండు మతాలే. అవి తగ్గిపోయాక భిక్షుణి, ఉపాసిక వంటి మాటలు పల్లె వాడుకలో మిగలలేదు.

ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనాన్ని క్రీ.శ. 575 ప్రాంతానిదిగా చెబుతారు. దాన్ని వేయించిన రేనాటి చోళుల కాలంలో రాణికి చోళమహాదేవి అన్న బిరుదు ఉండేది. దేవి అంటే దేవత, మహాదేవి అంటే పట్టపురాణి. దేవుడికీ రాజుకూ ఒకే మాట వాడే అలవాటు మగవారి విషయంలో దేవర అన్న పదంలో ఎలా ఉందో, ఆడవారి విషయంలో దేవి అన్న పదంలో అలాగే ఉంది. రాజు దేవర, రాణి దేవి, గుడిలో కొలువైన అమ్మవారూ దేవే.

సింహాసనం ఎక్కిన స్త్రీకి మాత్రం ఈ మాట చాలలేదు. కాకతి రుద్రమను శాసనాలు రుద్రదేవ మహారాజు అని మగవాడి పేరుతో పేర్కొన్నాయి. కడప దగ్గరి వల్లూరు రాజధానిగా ఏలిన కాయస్థులు ఆమె సామంతులు. వారిలో అంబదేవుడు ఆమె మీద తిరగబడి, ఆ విజయాలను 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో చెప్పుకున్నాడు. 1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమ మరణాన్ని తెలుపుతుంది. రాజుగారి భార్యను పిలవడానికి మాట ఉంది, రాజే స్త్రీ అయినప్పుడు పిలవడానికి మాట లేదు. అందుకే మగ బిరుదును తెచ్చుకోవలసి వచ్చింది.

మధ్యయుగ శాసనాల్లో తరచుగా వచ్చే మరో మాట సాని. సంస్కృతంలోని స్వామిని ప్రాకృతం మీదుగా వచ్చి తెలుగులో సాని అయింది. యజమానురాలు అన్నది దాని అసలు అర్థం. రెడ్డిసాని, దొరసాని అన్న మాటల్లో ఆ అర్థమే నిలిచి ఉంది. గుడిలో కొలువు చేసే స్త్రీలను గుడిసానులు అన్నారు. కోస్తా గుడుల్లో వీరికి సాని మున్నూరువారు అనే సంఘాలుండేవి. ఈ గుడిసానులు భూములు, దీపాలకు గొర్రెలు దానమిచ్చి తమ పేర్లు శాసనాలకెక్కించుకున్నారు. వారిలో కొందరు తామెవరి కూతుళ్లో కూడా చెప్పుకున్నారు. అంటే అది దాచుకోవలసిన పేరు కాదు, చాటుకోదగిన హోదా.

తర్వాతి కాలంలో ఈ మాట దిగజారింది. గుళ్ల మాన్యాలు తగ్గి, రాజుల అండ పోయి, ఆట పాట జమీందార్ల మేజువాణీలకు చేరేసరికి సాని అంటే వేశ్య అనే అర్థం స్థిరపడింది. పందొమ్మిదో శతాబ్ది చివర కందుకూరి వీరేశలింగం మేజువాణీల మీద ఉద్యమం నడిపేనాటికి కోస్తాలో సాని అన్నది తిట్టులా వినబడేది. దొరసాని అన్న జంటపదంలో మాత్రం పాత గౌరవం చెక్కుచెదరలేదు.

అక్క, అవ్వ, అమ్మ

గుడి ఉద్యోగం, రాజసంబంధం లేకుండా భక్తితో పేరు పొందిన స్త్రీలకు తెలుగువారు ఇంటి వరసలనే బిరుదులుగా ఇచ్చారు. పన్నెండో శతాబ్దపు వీరశైవ భక్తురాలు మహాదేవికి అక్క అన్నది పేరులో భాగమైంది. కన్నడ దేశం నుంచి వచ్చి శ్రీశైల మల్లికార్జునుణ్ణి చేరిన ఆమె పేరుతో నల్లమలలో అక్కమహాదేవి గుహలున్నాయి. వీరశైవుల్లో అక్క అంటే వయసులో పెద్దదని కాదు, శివభక్తుల కూటమికి పెద్దదని. శ్రీశైలంలోనే హేమారెడ్డి మల్లమ్మ గాథ నిలిచి ఉంది. అత్తింటి బాధలు పడిన ఆ కోడలి పేరు మల్లమ్మ కన్నీరు అనే చోటుకు పెట్టారు. ఆమెకు ఏ సంస్కృత బిరుదూ రాలేదు. రెడ్డింటి కోడలి పేరే పూజకు చాలింది.

కడప జిల్లా కవయిత్రుల పేర్లు కూడా ఇదే సంగతి చెబుతాయి. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రాకల్యాణం రాసింది. ఆమె పేరు చివర అక్క ఉంది. బద్వేలు దగ్గరి గోపవరం తనదని చెప్పుకునే మొల్ల పేరులో ఏ గౌరవ పదమూ లేదు. మొల్ల అంటే ఒక జాతి మల్లెపువ్వు. కుమ్మరి ఇంటి పిల్ల రామాయణం రాసి పేరు పొందాక లోకం ఆమెను మొల్ల అనే పిలిచింది. మొల్లమాంబ అన్న రూపం తర్వాతివారు గౌరవంకొద్దీ తొడిగింది.

ఆ మాంబ అన్న తోక వెనక ఒక పద్ధతి ఉంది. అంబ సంస్కృతంలో తల్లి. వాడుకలో వెంగమ్మ, గంగమ్మ, గోవిందమ్మ అయినవారు శాసనాల్లో, పుస్తకాల్లో, మఠాల పలకల మీద వెంగమాంబ, గంగమాంబ, గోవిందమాంబ అయ్యారు. అమ్మ ఇంటి మాట, అంబ పీఠం మాట. చిత్తూరు సీమలోని తరిగొండలో పుట్టిన వెంగమాంబ (1730–1817) ఇందుకు మంచి ఉదాహరణ. చిన్ననాటనే భర్త పోయినా, వేంకటేశ్వరుడే తన భర్త అని ఆమె బొట్టు, పసుపు తీయలేదు. ఊరి పెద్దలు ఎదిరించారు. చివరికి తిరుమల చేరి కావ్యాలు రాసింది, ఆమె పేర ముత్యాల హారతి అక్కడ నిలిచింది. ఇప్పుడు ఆమె పేరుకు ముందు మాతృశ్రీ అని చేరుస్తారు. బిడ్డలు లేని స్త్రీకి తల్లి అన్న బిరుదు రావడం ఈ దేశంలో విడ్డూరం కాదు. అది కన్నతనాన్ని కాక ఆశ్రయమిచ్చే పెద్దరికాన్ని చెబుతుంది.

అవ్వ అన్న మాట ఇంకా పాతది. అవ్వ అంటే అమ్మమ్మ, నాయనమ్మ, ముసలామె. పాత పేర్లలో తల్లి, పూజ్యురాలు అనే అర్థంతోనూ వస్తుంది. కడప పల్లెల్లో నాయనమ్మను జేజి అంటారు, తాతను జేజినాయన అంటారు. పిల్లల చేత చేతులు జోడించి మొక్కించేటప్పుడు దేవుణ్ణి చూపి చెప్పే మాటా జేజే. ఇంటి ముసలామెకూ గుడిలో దేవుడికీ ఒకే పేరు పెట్టిన ఈ వాడుక, వయసును కూడా ఒక పూజార్హతగా లెక్కించిన తీరుకు గుర్తు.

బ్రహ్మంగారి మఠంలో ముగ్గురు అమ్మలు

మైదుకూరు నుంచి ఈశాన్యంగా వెళితే కందిమల్లాయపల్లె వస్తుంది. పదిహేడో శతాబ్దివాడిగా చెప్పే పోతులూరి వీరబ్రహ్మం సమాధి అక్కడే ఉండటంతో ఊరికి బ్రహ్మంగారి మఠం అని పేరు స్థిరపడింది. ఆయన కథలో ముగ్గురు స్త్రీలు ముఖ్యులు. ముగ్గురి గౌరవమూ మూడు రకాలు.

మొదటి స్త్రీ గరిమిరెడ్డి అచ్చమ్మ. బనగానపల్లెలో ఆమె ఇంట బ్రహ్మం పశువుల కాపరిగా కుదిరాడు. రవ్వలకొండ మీద ఆవులను మేపుతూ అక్కడి గుహలో కాలజ్ఞానం రాశాడని, తర్వాత ఆ తాళపత్రాలను ఆమె ఇంటి ఆవరణలో పాతిపెట్టి పైన చింతచెట్టు నాటాడని కథ. యజమానురాలు తన జీతగాడికి శిష్యురాలైన అరుదైన సంబంధం ఇది. జనం ఆమెను ఇప్పటికీ ఇంటి పేరుతో కలిపి గరిమిరెడ్డి అచ్చమ్మ అనే అంటారు. ఆస్తిగల రెడ్డింటి ఆడమనిషిగా ఆమెకున్న హోదా శిష్యరికంతో చెరిగిపోలేదు.

రెండో స్త్రీ గోవిందమ్మ, బ్రహ్మం భార్య. వైశాఖ శుద్ధ దశమి నాడు ఆయన జీవసమాధిలోకి పోతూ, తనకు మరణం లేదు కాబట్టి ఆమె ముత్తైదువగానే ఉండాలని చెప్పినట్టు మఠం కథనం. మఠంలో ఆమె గోవిందమాంబ. ఆరాధన ఉత్సవాల్లో స్వామితో పాటు ఆమెకూ పూజలుంటాయి. వైధవ్యపు గుర్తులు వద్దన్న ఆ మాటను వెంగమాంబ పట్టుదలతో పోల్చి చూడాలి. వెంగమాంబ తనకు తాను ముత్తైదువతనం నిలుపుకుంది, గోవిందమ్మకు దాన్ని గురువైన భర్త ఇచ్చి వెళ్లాడు. రెండు చోట్లా పసుపు కుంకుమలే స్త్రీ పూజ్యతకు కొలమానం.

మూడో స్త్రీ ఈశ్వరమ్మ, బ్రహ్మం మనుమరాలు. పెళ్లి చేసుకోకుండా యోగమార్గంలో నడిచి, ఊళ్లు తిరిగి తాత బోధలు చెప్పి, అదే ఊరిలో సమాధి పొందింది. ఆమెకు ఈశ్వరీదేవి మఠం అని వేరుగా మఠమే వెలిసింది. ఈ సీమలో మగని ద్వారానో, చావు ద్వారానో కాక బోధ ద్వారా పీఠం పొందిన స్త్రీ ఈమె. పూర్వం రాణులకు పెట్టిన దేవి అన్న బిరుదు విశ్వబ్రాహ్మణ కులపు యోగినికి చేరింది. ఒకే మనిషికి ఇంటిలో ఈశ్వరమ్మ, మఠంలో ఈశ్వరీదేవి అనే రెండు పేర్లూ నేటికీ నడుస్తున్నాయి.

పేరంటాలు

రాయలసీమ పల్లెల పొలిమేరల్లో, చెరువు గట్ల మీద పేరంటాలమ్మ గుళ్లు కనిపిస్తాయి. పేరంటానికి పిలవదగిన ఆడమనిషి, అంటే భర్త బతికున్న ముత్తైదువ, పేరంటాలు. భర్త శవంతో చితి ఎక్కిన స్త్రీ వైధవ్యం అనుభవించకుండానే పోయిందని లెక్క. కాబట్టి చనిపోయాక కూడా ఆమె ముత్తైదువే, ఆమెకు పేరంటం చేయవచ్చు. ఆ విధంగా ఇంటి శుభకార్యపు మాట గ్రామదేవత పేరయింది. పసుపు, కుంకుమ, గాజులు, చీర, రవిక ఆమెకు పెట్టే మొక్కుబడులు.

సహగమనం చేసిన స్త్రీలకు నిలిపిన రాళ్ల మీద మోచేతి దగ్గర వంచి పైకెత్తిన చెయ్యి, దానికి గాజులు చెక్కి ఉంటాయి. పైన సూర్యచంద్రులుంటారు, అవి ఉన్నంతకాలం ఆ కీర్తి ఉండాలని. పక్కనే యుద్ధంలోనో, ఆవులను కాపాడుతూనో పడిన మగవాడి వీరగల్లు ఉండవచ్చు. కన్నడ సరిహద్దుల్లో ఇలాంటి స్త్రీకి మాస్తి అని పేరు. మహాసతి అన్న మాటకు అది వాడుక రూపం. వీరుడు అన్న మాట మగవాడు చేసిన పనికి దక్కింది. పేరంటాలు, మాస్తి అన్నవి స్త్రీ తన మగనితో ఉన్న సంబంధానికి దక్కినవి.

అయితే పేరంటాళ్లందరూ సతులే కారు. ఊరికోసం ప్రాణమిచ్చిన వారూ ఉన్నారు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు గట్టు తెగబోతే, ఆ ఊరి రెడ్డి ఇంటి చిన్న కోడలు ముసలమ్మ గండిలో ఆహుతై ఊరిని కాపాడిందన్న కథను కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ముసలమ్మ మరణము పేరుతో కావ్యంగా రాశాడు. వాన మీద, చెరువు మీద బతికే ఎండు సీమలో పేరంటాళ్ల గుళ్లు చెరువు గట్ల మీద ఉండటానికి కారణం ఇలాంటి కథలే.

1829లో బెంగాలులో, 1830లో మద్రాసు రాజధానిలో సహగమనాన్ని చట్టం నిషేధించింది. కొత్తగా సతులు లేకపోయినా పాత పేరంటాళ్ల పూజ ఆగలేదు. అకాలంగా పోయిన ఇంటి ఆడపడుచునో, కోడలినో పండుగ నాడు తలచుకొని చీర పెట్టడం చాలా ఇళ్లలో ఆచారంగా కొనసాగింది. చావును గౌరవించే మాట చివరికి చనిపోయినవారిని మరిచిపోకుండా ఉంచే మాటగా మెత్తబడింది.

బసివి, మాతంగి

ఆదోని, బళ్లారి, అనంతపురం ప్రాంతాల్లో బసివి అనే మాట ఉండేది. కొడుకులు లేని ఇంట్లో ఒక కూతురిని దేవుడికి విడిచేవారు. శంఖచక్రాల ముద్రలు వేయించాక ఆమె బసివి. ఆంబోతుకు పేరైన బసవ నుంచి వచ్చిన మాట ఇది. దేవుడికి విడిచిన ఆంబోతును ఎవరూ కట్టేయరు. బసివి పెళ్లి చేసుకునేది కాదు, పుట్టింట్లోనే ఉండేది, తండ్రి ఆస్తికి వారసురాలయ్యేది, అతని కర్మకాండ చేసేది, ఆమె పిల్లలు ఆమె తండ్రి ఇంటిపేరుతో పెరిగేవారు. కొడుక్కుండే హక్కులన్నీ ఆమెకుండేవి. రుద్రమ మగ పేరుతో రాజ్యమేలినట్టే, పల్లె బసివి మగ హక్కులతో ఇల్లేలింది. కానీ ఆమె శరీరం మీద ఆమెకు హక్కు లేకపోయింది. దళిత, వెనుకబడిన కులాల ఆడపిల్లలను ఊరి మగవారి వశం చేసే ఏర్పాటుగా ఈ ఆచారం మారింది.

మాతంగి మరో రకం. మాదిగ కులంలో ఎన్నిక చేసిన ఒక స్త్రీకి ఎల్లమ్మ పూనుతుందని నమ్మేవారు. జాతర రోజుల్లో ఆమె అగ్రకులాల వారిని సైతం తిట్టేది, ఉమ్మేది. వారు దాన్ని ప్రసాదంగా తీసుకునేవారు. జాతర ముగిశాక కులం గీతలు మళ్లీ ఎప్పటిలాగే ఉండేవి. మాటలో దేవత ఉన్నా బతుకులో ఆ గౌరవం కొద్దిరోజులదే.

1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీలుగా విడవడాన్ని నిషేధించింది. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం జోగిని, బసివి, మాతమ్మ వంటి పేర్లతో నడిచే అర్పణలన్నిటినీ నేరంగా ప్రకటించింది. ఒకప్పటి గౌరవ పదాలు ఇలా చట్టంలో నిషిద్ధ పదాల జాబితాకెక్కాయి.

నాంచారి, చెంచిత, కన్యక

దేవుడి భార్యలుగా కొలిచే స్త్రీలకూ ఈ సీమలో ప్రత్యేకమైన మాటలున్నాయి. తమిళ నాచ్చియార్ తెలుగులో నాంచారి అయింది. దేవుని కడపలోని లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి ఉగాది నాడు ముస్లింలు వచ్చి కొబ్బరికాయలు కొడతారు. స్వామిని వలచిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచని వారి నమ్మకం. బీబీ ఉర్దూ గౌరవం, నాంచారి వైష్ణవ గౌరవం. రెండూ ఒకే పేరులో పక్కపక్కన కుదిరాయి. మైదుకూరు నుంచి ఉత్తరంగా ఉన్న అహోబిలంలో నరసింహస్వామి వలచిన అడవి పిల్ల చెంచిత, చెంచులక్ష్మి. చెంచులు స్వామిని తమ అల్లుడిగా చెప్పుకుంటారు. రెండు కథల్లోనూ గుడి బయటి జనం ఆడపిల్లనిచ్చి దేవుడితో చుట్టరికం కలుపుకున్నారు.

ప్రొద్దుటూరు, మైదుకూరు వంటి వ్యాపార పట్టణాల్లో ఆర్యవైశ్యుల అమ్మవారిశాలలున్నాయి. అక్కడి దేవత వాసవీ కన్యకాపరమేశ్వరి. పెనుగొండలో రాజును పెళ్లాడనని అగ్నిలో దూకిన కన్య ఆమె. పేరంటాలుకు ముత్తైదువతనం, కన్యకకు పెళ్లికానితనం పూజ్యత తెచ్చాయి. ప్రొద్దుటూరు దసరా పేరు పొందింది ఈ అమ్మవారి ఉత్సవాలతోనే.

దొరసాని నుంచి సిస్టరమ్మ దాకా

1800లో నిజాం ఈ సీమలోని జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించేనాటికి ఇక్కడ ఎనభై మంది పాళెగాళ్లున్నారని లెక్క. పాళెగాడి భార్య దొరసాని. మన్రో కలెక్టరుగా పాళెగాళ్ల బలం తీసేశాక దొర అన్న మాట తెల్ల అధికారికి మారింది, దొరసాని అతని భార్యకు మారింది. 1822లో లండన్ మిషన్ కడపలో అడుగుపెట్టాక మిషనరీల భార్యలూ దొరసానులే. ఆడపిల్లలకు అక్షరాలు నేర్పి, మందులిచ్చిన దొరసానమ్మ పిలుపులో భయంతోపాటు చనువు కూడా చేరింది. మిషన్ తెచ్చిన బైబిలు స్త్రీ అనే ఉద్యోగం ఇంటింటికీ తిరిగి చదివి వినిపించే తెలుగు ఆడవారిది. జీతం తీసుకొని మతబోధ చేసే స్త్రీకి ఈ సీమలో అది తొలి పేరు.

కాథలిక్కులకు కడప 1976లో ప్రత్యేక మేత్రాసనమైంది. బడుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే సన్యాసినులను పుస్తకాల్లో మఠకన్యలు అంటారు. జనం నోట మాత్రం వారు సిస్టరమ్మ, మదరమ్మ. ఇంగ్లీషు మాట చివర అమ్మ చేర్చకపోతే ఆ పిలుపు గౌరవంగా వినబడలేదు. బీబీ పక్కన నాంచారి, నాంచారి చివర అమ్మ చేరినట్టే ఇదీ జరిగింది.

ఇరవయ్యో శతాబ్దంలో మాతాజీ అనే హిందీ మాట, సాధ్వి అనే సంస్కృత మాట బిరుదులుగా ఆశ్రమాల ద్వారా వచ్చాయి. బాపట్ల దగ్గరి జిల్లెళ్లమూడి అమ్మ (1923–1985) విషయంలో బిరుదూ పేరూ ఒక్కటే అయ్యాయి. సాని, బసివి వంటి మాటలు చట్టంతోనో అపవాదుతోనో తొలగిపోయాయి. దేవి, అంబ పుస్తకాల్లో, పలకల మీద నిలిచాయి. పేరంటాలు గుళ్లకు పరిమితమైంది. వాటన్నిటి స్థానాన్ని అమ్మ ఒక్కటే ఆక్రమించింది. గ్రామదేవత, మఠాధికారిణి, పాఠశాల టీచరు, ఊరి ఆసుపత్రి నర్సు అందరికీ ఇప్పుడు ఈ సీమలో అదే చివరి మాట.